నాలుగో అంచె క్లబ్ పిలిచింది, చదువు ఆపించమంటారా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్లుగా లిస్బన్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయికి 17, పన్నెండో తరగతి, ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడు. కాంపియొనాటో డి పోర్చుగల్‌లో ఆడే ఒక క్లబ్ వాళ్లు సీనియర్ జట్టులోకి రమ్మన్నారు, నెలకు 300 యూరోలు ఇస్తారట. యూనివర్సిటీ వాయిదా వేస్తే రెండేళ్లలో ప్రొఫెషనల్‌ని చేస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. పదేళ్ల సంపాదన చూస్తే ఇంజినీరింగ్ మేలా, ఇది మేలా?

జవాబు: సార్, మీ మెయిల్ మొత్తంలో సంపాదన అనే మాట ఆరుసార్లు ఉంది, బాబు ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. పోయిన సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఎన్ని గోల్స్ కొట్టాడు, అదీ లేదు. కోపం తెచ్చుకోకండి, కానీ తొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న పిల్లాడి గురించి ఏజెంటు చెప్పిన మాటలే నాకు రాశారు.

డబ్బు సంగతి చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. 2025లో పోర్చుగల్ కనీస వేతనం నెలకు 870 యూరోలు, మీవాడికి ఇస్తామన్నది అందులో సగం కూడా కాదు. కాంపియొనాటో అంటే పేరు ఘనంగానే ఉంటుంది గానీ అది నాలుగో అంచె, దానిపైన లీగా 3, లీగా 2, ప్రిమెయిరా లీగా ఉన్నాయి. నాలుగు గ్రూపుల్లో 56 జట్లు, అందులో చాలామంది పగలు ఇంకో పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్లే.

అలాంటి ఫార్వర్డ్ ఒకతను నా దగ్గరికి వచ్చాడు, 26 ఏళ్లు, ఐదేళ్లలో నాలుగు క్లబ్బులు మారాడు. పొద్దున కొరియర్ వ్యాను నడిపి, చీకటి పడ్డాక ప్రాక్టీసుకు వెళ్లి, రాత్రి పదిన్నరకు ఇంటికొచ్చి తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి వంటగదిలో ఆరబెట్టేవాడు. ఒక క్లబ్ రెండు నెలల డబ్బు ఎగ్గొట్టింది. జూన్ వస్తే చాలు, వచ్చే సీజన్ ఎక్కడ అన్న టెన్షన్. డిఫెండర్‌కి ఒక సీజన్ అటూఇటూ అయినా సర్దుకుంటారు, ఫార్వర్డ్‌కి మాత్రం గోల్స్ అంకె ఒక్కటే చూస్తారు, వరుసగా పది మ్యాచ్‌లు గోల్ లేకపోతే బెంచీ మీద కూర్చోబెడతారు, బెంచీ మీద ఉన్నవాడు గోల్ ఎక్కడ కొడతాడు?

ఏజెంటు మీకు బెటో అనే ఫార్వర్డ్ కథ చెప్పే ఉంటాడు, అందరూ అదే చెబుతారు. నిజమే, లిస్బన్ కుర్రాడు, కింది అంచెలో ఆడుతూ కేఎఫ్‌సీలో పనిచేశాడు, 2018-19లో మోంటిజో క్లబ్‌కు ఇరవైకి పైగా గోల్స్ కొట్టి ప్రిమెయిరా లీగాలోని పోర్టిమొనెన్స్‌కి, 2021లో ఇటలీలోని ఉదినేసెకి, 2023లో ఇంగ్లండ్‌లోని ఎవర్టన్‌కి వెళ్లాడు. కానీ అప్పటికి లీగా 3 లేదు, అది 2021లో మొదలైంది, అంటే అతను ఆడిన కాంపియొనాటో అప్పుడు మూడో అంచె. మీవాడు ఒక మెట్టు కింద నుంచి ఎక్కాలి. అసలు బెటో పేరు మనకు తెలిసిందే అలాంటివాళ్లు అరుదు కాబట్టి.

ఆ ఏజెంటు మీద మాత్రం నాకు గట్టి అనుమానమే ఉంది. పోర్చుగల్‌లో 2017 నాటి చట్టం ప్రకారం ఏజెంటు మైనర్ ఆటగాడి తరఫున వ్యవహరించకూడదు. బాబుకి 17. మరి ఆయన మీ ఇంటికొచ్చి ఏ హోదాలో కూర్చున్నట్టు? 2023 జూన్‌లో ఉత్తర పోర్చుగల్‌లోని ఒక అకాడమీ మీద అధికారులు దాడి చేస్తే, బయటి దేశాల నుంచి ఫుట్‌బాల్ ఆశతో వచ్చిన మైనర్లు డజన్ల కొద్దీ దొరికారు. మీరు పక్కనే ఉన్నారు కాబట్టి మీవాడికి ఆ గతి పట్టదు, కానీ ఆయనకు ఒక్క యూరో కూడా ఇవ్వకండి, ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఇంతకీ మీ అసలు భయం సంపాదన కాదని నాకనిపిస్తోంది. దేశం కాని దేశం తీసుకొచ్చాం, ఇక్కడ పిల్లాడు దారి తప్పితే ఊళ్లో ఏమంటారు, రేపు వాడే నన్ను నిందిస్తాడేమో, అదీ మీకు నిద్రపట్టనివ్వనిది. ఏం కాదు సార్. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2012లో లిస్బన్ క్లబ్ స్పోర్టింగ్ రెండో జట్టుకు (స్పోర్టింగ్ బి) వెళ్లి, కొద్ది మ్యాచ్‌లే ఆడి మరుసటి ఏడాదే తిరిగొచ్చాడు. ఆ తర్వాత పదేళ్లకు పైగా భారత జట్టుకు గోల్స్ కొడుతూనే వచ్చాడు. చదువు తలుపులు కూడా అంత తొందరగా మూసుకుపోవు, పోర్చుగల్‌లో 23 దాటినవాళ్లకు యూనివర్సిటీలో చేరడానికి వేరే పరీక్షే ఉంది. అయినా మీవాడికి అంతదాకా ఆగాల్సిన పని లేదు, క్లబ్ ప్రాక్టీసు సాయంత్రమైతే పగలు కాలేజీకి వెళ్లొచ్చు. యూనివర్సిటీలో చేర్పించండి, క్లబ్‌లోనూ ఆడనివ్వండి. కాంట్రాక్టు ఇస్తే ఒక్క సీజన్‌కే ఒప్పుకోండి. 18 లోపు వాళ్లకు ఫిఫా మూడేళ్ల వరకు అనుమతిస్తుంది, క్లబ్ అంతా అడగొచ్చు, మీరు ఇవ్వనక్కర్లేదు.

ఈ ఆదివారం ఆ క్లబ్ సీనియర్ జట్టు మ్యాచ్‌కి మీరిద్దరే వెళ్లండి, ఏజెంటు లేకుండా. తొమ్మిదో నంబర్ ఆటగాడి, అంటే ప్రధాన ఫార్వర్డ్ వయసెంత, బెంచీ మీద ఎందరు కుర్రాళ్లున్నారు, వాళ్లని ఎన్నో నిమిషంలో దింపుతున్నారు, చూడండి. తిరిగొచ్చేటప్పుడు కారులో బాబుని మాట్లాడనివ్వండి, మీరు మధ్యలో అందుకోకండి. వాడు ఏమన్నాడో వాడి మాటల్లోనే నాకు రాయండి.