లండన్ ఇంటి బీమాకు వరంగల్ పాత కేసు చెప్పాలా?

హనుమకొండలో చదువుకునే రోజుల్లో కొట్లాట కేసులో ఇరుక్కున్న మీ తమ్ముడు లండన్‌లో ఇంటికి బీమా తీసుకుంటున్నాడనీ, ‘మీకు గానీ, ఇంట్లో ఉండేవారికి గానీ ఎప్పుడైనా శిక్ష పడిందా’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడనీ రాశారు.

ముందు ఆ కేసు ఎలా ముగిసిందో తేల్చుకోండి. మనవాళ్లు అన్నిటికీ ‘కేసు కొట్టేశారు’ అనేస్తారు. లోక్ అదాలత్‌లో చట్టప్రకారం రాజీ కుదిరి ఉంటే నిర్దోషిగా విడుదలైనట్లే. నేరం ఒప్పుకుని జరిమానా కట్టి ఉంటే మాత్రం, అది వంద రూపాయలైనా శిక్షే. వరంగల్ కోర్టులో తీర్పు ధ్రువీకృత నకలుకు దరఖాస్తు చేయండి. అందులో తేదీ ముఖ్యం.

ఎందుకంటే ఇంగ్లండ్, వేల్స్‌లో 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టం ప్రకారం, గడువు తీరిన శిక్షను బీమా సంస్థకు చెప్పనక్కరలేదు. విదేశీ కోర్టు వేసిన శిక్షకూ ఇదే వర్తిస్తుంది. పెద్దవారికి పడిన జరిమానాకు గడువు తీర్పు తేదీ నుంచి ఏడాది. ఏడాదిలోపు జైలుశిక్షకు, శిక్షాకాలం ముగిశాక మరో ఏడాది. అది దాటితే ‘లేదు’ అని రాయడం అబద్ధం కాదు.

గడువు తీరకపోతే దాచవద్దు. కావాలని తప్పు రాస్తే, 2012 బీమా చట్టం ప్రకారం సంస్థ పాలసీని రద్దు చేసి క్లెయిమ్ నిరాకరించవచ్చు; నీళ్లపైపు పగిలిన నష్టానికీ, పాత కొట్లాటకూ సంబంధం లేకపోయినా సరే. అడగనిది మాత్రం తనంతట తాను చెప్పాల్సిన పనిలేదు.

వరంగల్‌లోని మీ ఇంటి బీమాకు ఈ బ్రిటన్ గడువులు వర్తించవు.