ఎక్సోసోమ్ పరిశోధన: మూడు నెలల సర్టిఫికెట్‌తో అయ్యే పనేనా?

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం. ఎక్సోసోమ్‌ల మీద పరిశోధన చేస్తానంటోంది. ఒక శిక్షణ సంస్థ మూడు నెలల 'ఎక్సోసోమ్ థెరపీ' సర్టిఫికెట్‌కు 90 వేలు అడుగుతోంది. కట్టమంటారా?

జవాబు: కట్టకండమ్మా. అమ్మాయి ఎంచుకున్న రంగం మంచిదే. కానీ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఆ కాగితం అక్కరకు రాదు. అక్కడ అడిగేది చేతిపని గురించి, ఫలితాన్ని అనుమానించడం వచ్చా రాదా అన్న దాని గురించి.

మన కణాలు సన్నని పొర తిత్తుల్ని బయటికి వదులుతుంటాయి. అన్నిటినీ కలిపి ఎక్స్‌ట్రాసెల్యులార్ వెసికిల్స్ అంటారు, ల్యాబుల్లో వాడుక 'ఈవీలు'. ఎక్సోసోమ్‌లు వాటిలో ఒక రకం, సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. 1967లో పీటర్ వోల్ఫ్ ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే వీటిని 'ధూళి' అన్నాడు. ఇవి ఆర్ఎన్ఏను ఒక కణం నుంచి ఇంకో కణానికి చేరవేస్తాయని 2007లో స్వీడన్ బృందం ఒకటి చూపించాక ఆసక్తి ఒక్కసారిగా పెరిగింది. రక్తంలో, మూత్రంలో క్యాన్సర్ ఆనవాళ్లు పట్టడం, మందును కావలసిన చోటికి మోయించడం, ఈ రెండు దారుల్లో పని జోరుగా సాగుతోంది. 'థెరపీ' అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. 2019 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, తన ఆమోదం పొందిన ఎక్సోసోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని ప్రజలను హెచ్చరించింది. అలాంటి ఉత్పత్తులు వాడిన కొందరు తీవ్రంగా జబ్బుపడ్డాకే ఆ హెచ్చరిక వచ్చింది.

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందో చూడండి. ఫ్లాస్కులో పెరిగిన కణాల మీది మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) తీసి, సెంట్రిఫ్యూజ్ అనే గిరగిర తిప్పే యంత్రంలో 300 జి (భూమి ఆకర్షణకు 300 రెట్ల బలం) దగ్గర 10 నిమిషాలు తిప్పితే కణాలు అడుగుకు దిగుతాయి. 2,000 జి దగ్గర చచ్చిన కణాలు, 10,000 జి దగ్గర 30 నిమిషాలకు పెద్ద తుక్కు దిగుతాయి. ఇంతవరకు అడుగుది పారేసి పైద్రవం ఉంచుకోవాలి. ఆఖరున 1,00,000 జి దగ్గర 70 నిమిషాలు. ఈసారి కావలసింది అడుగునే ఉంటుంది, కానీ చాలాసార్లు కంటికి ఆనదు. ఫిక్స్‌డ్ యాంగిల్ రోటర్‌లో, అంటే ట్యూబుల్ని ఏటవాలుగా పట్టుకుని తిరిగే భాగంలో, అది ట్యూబు బయటివైపు గోడకు అంటుకుంటుంది. అందుకే తిప్పకముందే ఆ వైపు మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. గీత మరిచిపోతే రెండు రోజుల శ్రమ ద్రవంతోపాటు సింకులోకి పోతుంది. పల్చటి గోడల ట్యూబును నిండా నింపకపోతే తిరిగేటప్పుడు నలిగిపోతుంది. నోటుబుక్కులో ఆర్పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) ఒక్కటే రాస్తే చాలదు, రోటర్ మారితే అదే ఆర్పీఎంకు జి విలువ మారిపోతుంది.

అసలు ప్రమాదం సీరంలో ఉంది. కణాలకు ఆహారంగా వేసే దూడ సీరంలో ఆవు వెసికిల్స్ బోలెడు. సీరాన్ని ముందుగా 1,00,000 జి దగ్గర 18 గంటలు తిప్పి వాటిని చాలావరకు తగ్గించాలి, లేదా కణాలు తట్టుకుంటే 24 నుంచి 48 గంటలు సీరం లేకుండా పెంచాలి. లేకపోతే కొలిచేది మనిషి కణాలవో ఆవువో తెలియదు. రక్తంతో ఇంకో చిక్కు. ప్లేట్‌లెట్లు మిగిలిన ప్లాస్మాను ఫ్రీజర్‌లో పెడితే అవి చిట్లి కొత్త తిత్తుల్ని వదులుతాయి. అందుకే 2,500 జి దగ్గర 15 నిమిషాల చొప్పున రెండుసార్లు తిప్పాకే ఫ్రీజర్‌లో పెడతారు. రేణువులు లెక్కపెట్టే ఎన్‌టీఏ యంత్రానికి వెసికిల్‌కూ కొలెస్ట్రాల్ మోసే లైపోప్రొటీన్‌కూ తేడా తెలియదు. కాబట్టి ఒక్క అంకె చూసి ఎవరూ నమ్మరు. సీడీ63, సీడీ81, టీఎస్‌జీ101 ప్రొటీన్లు కనిపించాలి, కణం లోపలి తుక్కును పట్టిచ్చే క్యాల్నెక్సిన్ కనిపించకూడదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఆకారం తేలాలి. ఇంత రుజువు అడిగేది ఈవీ పరిశోధనకు కనీస ప్రమాణాలు చెప్పే 'మైసెవ్' మార్గదర్శకాలు. 2014లో మొదలై 2018, 2023 పేర్లతో సవరణలు వచ్చాయి. చివరిది అమ్మాయిని ఇప్పుడే చదవమనండి, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

దారి విషయానికొస్తే, బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ఇంటెగ్రేటెడ్ పీహెచ్‌డీలు, అంటే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిసిన కోర్సులు, మొదట చూడండి. బీఎస్సీతోనే అర్హత ఉంటుంది. ఐఐఎస్సీకి జామ్ (ఎమ్మెస్సీ స్థాయి ప్రవేశాల జాతీయ పరీక్ష) రాయాలి, ఎన్‌సీబీఎస్‌కు వేరే ప్రవేశ పరీక్ష. అవి తప్పితే గ్యాట్-బీ (బయోటెక్నాలజీ పీజీ ప్రవేశ పరీక్ష) రాసి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) తోడ్పాటున్న ఎమ్మెస్సీ, తర్వాత పరిశోధన ఫెలోషిప్ కోసం సీఎస్‌ఐఆర్ నెట్. 2023 నుంచి జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)కు నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)కు 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. పీహెచ్‌డీ వద్దనుకున్నా నష్టం లేదు. వడకట్టడం, శుద్ధి చేయడం చేతికొస్తే బయోకాన్, సింజీన్ లాంటి కంపెనీల్లో ప్రొటీన్ శుద్ధి విభాగాలకు అదే నైపుణ్యం పనికొస్తుంది.

ఈ ఏడాది ప్రాజెక్టుకు ల్యాబ్ వెతికేటప్పుడు అమ్మాయి మూడు విషయాలు అడగాలి: మీడియంలో ఏ సీరం వాడతారు, శుద్ధత ఎలా నిరూపిస్తారు, కొత్తగా వచ్చినవాళ్లను అల్ట్రాసెంట్రిఫ్యూజ్ (1,00,000 జి దాకా తిప్పే యంత్రం) మీద చేయి పెట్టనిస్తారా. మూడోదానికి 'లేదు' అంటే వేరే ల్యాబ్ చూసుకోమనండి. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరు, అక్టోబరుల్లో తీసుకుంటారు, పరీక్ష ఫిబ్రవరిలో.