ముందు మీ సెల్లార్ ర్యాంప్ ఎక్కించు

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజీలన్నీ విన్నాను. పక్కన కూర్చున్న మీ అత్తయ్య, "వీడికి పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత టెన్షన్ లేదు" అంది. ఒకపక్క కొత్త బీఎండబ్ల్యూ ఎం2, ఇంకోపక్క ముంబై నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ పోర్షే కేమన్ జీటీఎస్ 4.0. రెండూ మాన్యువల్ గేర్ల స్పోర్ట్స్ కార్లే. అటు రోడ్డుకీ ఇటు రేస్ ట్రాక్‌కీ ఏది కొనాలన్నదే నీ బెంగ. ఏది కొన్నా నిన్ను తప్పుపట్టేవాడు లేడు, అందుకే నీకు తేలడం లేదు.

నువ్వు పంపిన వీడియోలు మాత్రం చూడటం ఆపెయ్. అవన్నీ జర్మనీలోనో ఇంగ్లండులోనో తీసినవి. అక్కడివాడు పొద్దున ట్రాక్‌కి వెళ్లి సాయంత్రం అన్నానికి ఇంటికొస్తాడు. మనకి ఆ భోగం ఎక్కడిది? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు పెట్టారు, 2.8 కిలోమీటర్ల సర్క్యూట్, ఇద్దరం కలిసే వెళ్లాం. బారికేడ్లు తీసేశాక అది మళ్లీ మన నెక్లెస్ రోడ్డే, మొక్కజొన్న పొత్తుల బండ్లతో సహా. కార్లకి సరైన ట్రాక్ కావాలంటే చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టై వెళ్లాలి. మేం ఎంఎంఆర్‌టీ (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అనేవాళ్లం, ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. 1990 నుంచీ ఉంది, ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి పోను ఆరువందల చిల్లర, రాను ఇంకో ఆరువందల చిల్లర. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే అంతకంటే దూరం, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ సంగతి అడగనే వద్దు.

అంటే నీ బండి ట్రాక్ మీద తిరిగేది గంటో గంటన్నరో. దానికోసం నార్కెట్‌పల్లి, అద్దంకి, నెల్లూరు మీదుగా పన్నెండు వందల కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద నడవాలి, అదీ ట్రాక్ మీద బాదించుకున్న టైర్లతో, బ్రేకులతో తిరిగి రావాలి. రెండు బండ్లనీ ఈ ప్రయాణంలో పెట్టి చూడు.

ఈ ప్రయాణానికి ఎం2 పుట్టుకతోనే అలవాటుపడిన బండి. మూడు లీటర్ల ట్విన్ టర్బో, ఇప్పుడొచ్చేది 480 హార్స్‌పవర్. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పటి నుంచే తోసుకుపోతుంది, లారీని దాటాలంటే గేరు మార్చే పని కూడా ఉండదు. వెనక సీట్లున్నాయి, డిక్కీ 390 లీటర్లు. కేమన్‌లో ఇంజిన్ నీ వీపు వెనకే ఉంటుంది. నాలుగు లీటర్లు, టర్బో లేదు, 400 హార్స్‌పవర్. దాని అసలు గొంతు పైన ఏడు వేల ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర వినాలి. చిక్కేమిటంటే గేర్లు పొడుగు. రెండో గేరులో చివరిదాకా లాగితే 130 దాటేస్తుంది. మన అవుటర్ రింగ్ రోడ్డు మీద లిమిటే 120. అంటే నువ్వు ఇంత డబ్బు పోసి కొన్న పాటని మన రోడ్డు మీద చట్టబద్ధంగా వినాలంటే మొదటి గేరు, రెండో గేరు, అదీ చివరిదాకా లాగకుండా. రోడ్డు వరకే అయితే ఇంకో మాట లేకుండా ఎం2 తీసుకోమనేవాణ్ని.

కానీ బరువు సంగతి ఉంది. కేమన్ 1,400 కిలోల చిల్లర, ఎం2 సుమారు 1,700. మూడొందల కిలోల తేడా అంటే ప్రతి మలుపు దగ్గరా బండిలో నలుగురు పెద్దమనుషుల్ని అదనంగా కూర్చోబెట్టుకుని బ్రేకు కొట్టడమే. ఆ వేగమంతా వేడిగా మారి బ్రేకు డిస్కుల్లోకి పోవాలి. రోడ్డు మీద దానికి చల్లారే టైముంటుంది, ట్రాక్ మీద ఉండదు.

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. 2018లో నా ఆక్టావియా ఆర్ఎస్ వేసుకుని చెన్నై వెళ్లాను, మీ అమ్మకి ఆఫీసు పని అని చెప్పి. వెళ్లేముందు సర్వీసు చేయించాను, బ్రేక్ ఆయిల్ మార్చామని బిల్లులో రాసిచ్చారు. ఐదో చుట్టులో ఒక మలుపు ముందు కాలు పెడితే పెడల్ మెత్తగా, తడి స్పాంజిలా లోపలికి దిగి నేలకి తగిలింది. బండి ఆగలేదు. రెండుసార్లు పంప్ చేశాను, కాస్త పట్టింది, అప్పటికే మట్టిలో ఉన్నాను. అదృష్టం, ఆ పక్క ఖాళీ జాగా ఎక్కువ. తర్వాత ట్రాక్ దగ్గర ఉన్న మెకానిక్ కుర్రాడు మూత తీసి చూపించాడు, ఆయిల్ చల్లారిన డికాక్షన్ రంగులో ఉంది. అసలు మార్చనే లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే పైపుల్లో ఆవిరి, ఆవిరిని ఎంత నొక్కినా బ్రేకు పడదు. ఏ బండి కొన్నా ట్రాక్‌కి వెళ్లేముందు ఆయిల్ నీ కళ్లెదుట మార్పించు. పాతది సీసాలో పట్టి చూపించమను, సిగ్గుపడకు.

ఈ లెక్కన ట్రాక్ మీద ఎం2 బ్రేకు ప్యాడ్లు, టైర్లు కేమన్‌కంటే త్వరగా తినేస్తుంది. కొనేటప్పుడు ఈఎంఐ ఎంతని అడుగుతారు గానీ ఒక సెట్టు టైర్లు ఎంతని ఎవరూ అడగరు. నువ్వు అడుగు. కేమన్‌కి స్టెపినీ ఉండదు, పంక్చర్ కిట్టే దిక్కు. రాత్రి పూట అద్దంకి రోడ్డు మీద టైరు పక్కగోడ చీలితే ఆ ఇరవై అంగుళాల సైజు ఏ షాపులోనూ దొరకదు, ఫ్లాట్‌బెడ్ లారీకి ఫోన్ చెయ్యడమే. ఆ నంబరు ముందే పెట్టుకో.

సెకండ్ హ్యాండ్ కాబట్టి కేమన్ దగ్గర ఇంకో జాగ్రత్త. పెయింటు, మైలేజీ ఎవరైనా చూస్తారు. మాన్యువల్ బండిలో ఐదు నుంచి నాలుగుకి దించబోయి పొరపాటున రెండులో వేస్తే ఇంజిన్ లిమిట్ దాటి తిరుగుతుంది. పోర్షే ఇంజిన్ కంప్యూటర్ ఇలాంటివన్నీ గుర్తుపెట్టుకుంటుంది, ఎన్ని ఇంజిన్ గంటల దగ్గర ఏ స్థాయిలో జరిగిందో కూడా. ఓవర్-రెవ్ రిపోర్ట్ అంటారు. కంపెనీ సర్వీసు సెంటర్‌లో తీయించమను. అమ్మేవాడు "అవసరం లేదండీ, ఒక్క చేతి బండి" అని నవ్వితే నువ్వూ నవ్వి ఫోన్ పెట్టేయ్.

కాగితాల సంగతి క్లుప్తంగా. మహారాష్ట్ర బండి కాబట్టి అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ లెక్క వేశాకే బేరమాడు. ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగు, స్పీడ్ టెస్టింగు వర్తించదని రాసి ఉంటుంది, చదువుకో. ట్రాక్ మీద గోడకి కొడితే ఆ ఖర్చు నీదే.

ఇంతకీ ఏది? నన్నడిగితే కేమనే. ఇంట్లో బుజ్జిదాన్ని స్కూలుకి దింపడానికి క్రెటా ఉంది కదా, వెనక సీట్ల కోసం ఇంకోటి ఎందుకు? పైగా ఈ కేమన్ వరసైన పెట్రోలు 718 తయారీ 2025 అక్టోబర్‌తో ఆపేశారు, వచ్చే ఏడాది మనసు మారితే ఎం2 షోరూంలో ఉంటుంది, ఇది ఉండదు. తేలిక బండి నువ్వు చేసే తప్పుని చెప్పి మరీ చూపిస్తుంది. బరువు బండి టర్బోతో, ఎలక్ట్రానిక్స్‌తో కప్పిపెడుతుంది, కప్పలేని రోజు ఒక్కసారే చూపిస్తుంది. మొదటి రెండుసార్లు నేర్పేవాణ్ని పక్కన కూర్చోబెట్టుకో, బండి జారిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్‌ని ఆపే బటన్ జోలికి పోకు. అయితే ఏడాదికి ఒక్కసారి కూడా చెన్నై వెళ్లేది లేదని నీ మనసుకి తెలిస్తే, నాతో అబద్ధం ఆడినా దానితో ఆడకు, ఎం2 తీసుకో. మీ ఆవిడని కూడా అడుగు. రెండు సీట్ల బండిలో ప్రతి ఆదివారం ఎవరు ఇంట్లో ఉండిపోతారో తనకి నీకన్నా బాగా తెలుసు.

వీటన్నిటికంటే ముందు ఒక పని. మీ మణికొండ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ కింద డ్రైనేజీ జాలీ దగ్గర ఒక్కసారిగా లేస్తుంది. పోయినసారి నా బండికే అడుగు గీసుకుంది. కేమన్ ఇంకా కిందికి ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చేముందు బండిని అక్కడికి తెప్పించు. తిన్నగా కాదు, ఏటవాలుగా, ఒక చక్రం ముందు ఎక్కేలా నడిపించు. తగిలిందంటే ఆ చర్చ అక్కడితో సరి. మా స్నేహితుడొకడు ఇది చూసుకోక, ఇంటి కింద పార్కింగ్ ఉండీ, పక్క వీధిలో కవరు కప్పి పెట్టుకుని కుక్కల్ని తోలుకుంటున్నాడు.

శనివారం వాళ్లు బండి తెస్తామంటే పొద్దున్నే ఆరింటికి పెట్టు, వాచ్‌మన్‌కి చెప్పి ముందు వరుస ఖాళీ చేయించు. టార్చి, అట్టముక్కా నేను తెస్తాను. మీ అమ్మతో మాత్రం ఆక్టావియా సంగతి ఎత్తకు.

మీ మామయ్య