అశోక్‌నగర్ గది ఖాళీ చేయనా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. బీఎస్సీ, బీఈడీ చేశాను, టెట్ పాసయ్యాను. 2018లో గ్రూప్స్ కోచింగ్‌కని హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్నాను. కరోనా అప్పుడు ఒక ఏడాది మాత్రం ఇంటి దగ్గరున్నాను. గ్రూప్-1 ప్రిలిమ్స్ మూడుసార్లు రాశాను. మొదటి రెండూ రద్దయ్యాయి. మూడోసారి మెయిన్స్ దాకా వెళ్లాను కానీ ఉద్యోగం రాలేదు. గ్రూప్-2 కొద్ది మార్కుల్లో పోయింది. నాన్న పత్తి రైతు. తమ్ముడు ఫుడ్ డెలివరీ చేస్తూ నాకు నెలకు 6 వేలు పంపుతున్నాడు. చుట్టాల పెళ్లిళ్లకు పోవడం మానేసి మూడేళ్లయింది. రాత్రిళ్లు నిద్ర రావడం లేదు. ఖమ్మంలో నా స్నేహితురాలు పనిచేసే ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచర్ కావాలట, 18 వేలు ఇస్తారట. జూన్‌లో చేరాలి. ఇప్పుడు వదిలేస్తే ఇన్నేళ్ల చదువూ బూడిదలో పోసినట్టేనా? నేను వెళ్లిన నెలకే నోటిఫికేషన్ పడితే? నాన్నకు ఏమని చెప్పాలి?

జవాబు: అమ్మా, పరీక్షల గురించి మీరు రాసినదంతా చదివాను. కానీ పెళ్లిళ్లకు పోవడం మానేశానన్న మాట దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను. అక్కడ ఏం అడుగుతారో నాకు తెలుసు. "ఇంకా చదువుతున్నవా బిడ్డా?" అడిగేవాళ్లలో చాలామందికి మీ మీద ప్రేమే ఉంటుంది. అయినా ఆ 'ఇంకా' అనే మాట గుచ్చుకుంటుంది. దాన్ని తప్పించుకోవడానికి మనుషులనే తప్పించుకు తిరిగే దాకా వచ్చారంటే, మీరు నన్నడిగిన ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది.

ముందు ఈ ఏళ్లలో ఏం జరిగిందో ఒక్కసారి వరసగా చూడండి. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఆ ఫలితాలను 2025 సెప్టెంబరులో సింగిల్ జడ్జి పక్కన పెట్టారు, రెండు వారాలకే ధర్మాసనం ఆ తీర్పును నిలిపివేసింది. ఇక గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. ఇందులో మీరు బద్ధకించిన రోజులెన్ని, ఎవరో చేసిన పొరపాటుకు మీరు కూర్చుని ఎదురుచూసిన రోజులెన్ని? దయచేసి లెక్క వేయండి. మీది కాని తప్పును కూడా మీ ఖాతాలో రాసుకుని మోస్తున్నారు.

సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. వెళ్లండి.

కారణం ఇదీ. ఇకచాలు అని మీకు బయటి నుంచి ఎవరూ చెప్పరు. ఈ ఉద్యోగాలకు ఒకప్పుడు గరిష్ఠ వయసు 34 ఉండేది. 2022లో 44 చేశారు, 2024లో 46కి పెంచారు. నోటిఫికేషన్లు లేక ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లకు అది న్యాయమే, కాదనను. కానీ దానివల్ల ఒకటి జరిగింది. ఆగాల్సిన గీత ఎప్పటికప్పుడు ఇంకొంచెం ముందుకు జరుగుతోంది. ఆ గీత ఎక్కడో మీరే గీసుకోవాలి. అన్నీ కుదుటపడ్డాక గీసుకుందామనుకుంటే, ఆ కుదుటపడే రోజు పరీక్షలు పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ చేతిలోనో కోర్టు చేతిలోనో ఉంది.

వెళ్లిన నెలకే నోటిఫికేషన్ పడితే అన్న భయం సంగతి. పడనివ్వండి. 2024లో నోటిఫికేషన్‌కీ ప్రిలిమ్స్‌కీ మధ్య దాదాపు మూడున్నర నెలలు ఉంది. ప్రిలిమ్స్‌కీ మెయిన్స్‌కీ మధ్య ఇంకో నాలుగు నెలల పైన ఉంది. సిలబస్ మీ బుర్రలోనే ఉంది, కొత్తగా చదవాల్సింది ప్రధానంగా వర్తమాన వ్యవహారాలు. అది ఖమ్మంలో పొద్దున గంటన్నర కూర్చున్నా అవుతుంది. అందుకని ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: ఇంకొక్క గ్రూప్-1, అదీ ఉద్యోగంలో ఉండి, చివరి నెల మాత్రం సెలవు పెట్టి. హాస్టల్‌కు మాత్రం తిరిగి రాను. ఆ కాగితం స్నేహితురాలికి చూపించండి. నోటిఫికేషన్ పడిన రోజు మీ మనసు మాట మారుస్తుంది. అప్పుడు గుర్తుచేసే మనిషి ఒకరుండాలి.

నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చేవాడు, చిక్కడపల్లి లైబ్రరీలో ఆరేళ్లు చదివినవాడు. రెండో నెలలో ఒక నోట్సు తెచ్చి చూపించాడు. తెలంగాణ చరిత్ర, కాకతీయుల చెరువుల మీద రాసుకున్న పాఠం. సగం పేజీ దాకా నీలి ఇంకు, మార్జిన్‌లో '17-3-2023 రద్దు' అని చిన్నగా. దాని కింద నల్ల ఇంకుతో, అదే వాక్యం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాడు. ఆ పేజీ చూశాక, వీళ్లకు ఓపిక లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోలేకపోతున్నాను. ఇప్పుడతను వేరే ఉద్యోగం చేస్తున్నాడు. మానేసిన మొదటి నాలుగు నెలలూ తెల్లవారుజామున 5కే మెలకువ వచ్చి కమిషన్ వెబ్‌సైట్ తెరిచేవాడట. మీకూ అలాగే ఉంటుంది. పొద్దున్నే లైబ్రరీలో కుర్చీ మీద బ్యాగు పెట్టి సీటు ఆపుకోవడం, సాయంత్రం చాయ్ దగ్గర కటాఫ్‌ల మాటలు, ఇవన్నీ పోతాయి. ఏడుపొస్తే ఏడవండి. ఏడుపొచ్చినంత మాత్రాన తప్పు నిర్ణయం తీసుకున్నట్టు కాదు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే డాక్టర్‌ను కలవండి. బతుకు మీద విరక్తి కలిగించే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఏ వేళైనా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

తమ్ముడి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. జీతం రాగానే బాకీ తీర్చాలన్న తొందర వద్దు. ముందు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకేం కావాలిరా అని అడగండి. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో అందరూ మీ పరీక్ష గురించే మాట్లాడి ఉంటారు, అతన్ని ఆ మాట అడిగినవాళ్లు ఉన్నారో లేదో. పని మానేసి చదువుకోవాలని ఉందో, పెళ్లి ఆపుకున్నాడో, బండి కిస్తీలెన్ని మిగిలాయో వినండి.

నాన్నకు ఫోన్లో చెప్పొద్దు. వానలు పడకముందే ఒకరోజు ఊరికి పోయి, చుట్టాలెవరూ లేనప్పుడు చెప్పండి. ఆయన అర్థం చేసుకోరేమోనని మీ భయం. కానీ అదను అంటే ఏమిటో ఆయనకు మీకన్నా బాగా తెలుసు. తొలి వానకు పెట్టిన పత్తి గింజ మొలవకపోతే మళ్లీ పెడతారు. మళ్లీ ఎండిపోయి జులై దాటిందంటే ఇక పత్తి పెట్టరు, ఆ చేనులోనే వేరే పంట వేస్తారు. అందుకు ఊళ్లో ఎవరూ ఆయన్ని చేతకానివాడని అనరు. మీరు పెద్ద మాటలేం వెతుక్కోవద్దు. "నాన్నా, జూన్ల ఖమ్మంల పనికి చేరుతున్న. పరీక్ష పడితే ఆడికెల్లే రాస్త. తమ్మున్ని ఇగ పైసలు పంపొద్దను." ఇంతే చెప్పి ఆయన పక్కన కాసేపు కూర్చోండి. ఆయన వెంటనే మాట్లాడకపోవచ్చు. ఆ మౌనాన్ని కోపమనుకుని మీరు సంజాయిషీ మొదలుపెట్టకండి.

ఇక ఆ స్కూలు. చేరే ముందు కొన్ని సంగతులు మొహమాటం లేకుండా అడిగి తెలుసుకోండి. వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా లేక పది నెలలకేనా? పీఎఫ్ కడతారా? అడ్మిషన్ల కోసం ఏప్రిల్, మే నెలల్లో ఇంటింటికీ తిరగమంటారా, తలా ఇంతమందిని తేవాలని లెక్క పెడతారా? అన్నిటికన్నా ముఖ్యం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే ఇవ్వకండి. జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించండి, చాలు. రేపు ఏ ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన పడినా అవి మీ దగ్గరే ఉండాలి.

టెట్ ఉంది కాబట్టి డీఎస్సీ రాయమని అందరూ అంటారు. టెట్ అర్హత ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది, 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు పడ్డాయి, నిజమే. కానీ ఈ మొదటి ఏడాది ఆ పుస్తకాలు తెరవొద్దు. ముందు పిల్లల మధ్య నిలబడి చూడండి. ఏడో తరగతి పిల్ల చేతికి భూతద్దమిచ్చి ఆకు ఈనెలు చూపించినప్పుడు మీకు సంతోషం కలుగుతుందో లేదో చూసుకోండి. కలిగితే అప్పుడు డీఎస్సీ రాయండి. కలగకపోతే ఒక క్యూలోంచి వచ్చి ఇంకో క్యూలో నిలబడటమే అవుతుంది.

హాస్టళ్లలో సాధారణంగా నెల ముందు చెప్పకపోతే అడ్వాన్సు తిరిగివ్వరు. మీ దగ్గరా అదే పద్ధతైతే మే మొదటి వారంలోనే వార్డెన్‌తో మాట్లాడండి.