ముందు ఆ నీలం ముక్క తడిపి చూడు

బిడ్డా,

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వరంగల్ కొత్తవాడకు వస్తున్నావని, రెండు రంగుల నూలు ఒకదాంట్లో ఒకటి మెలివేసి నేసే ఇంటర్‌లాక్ జంపఖానాలు తప్ప ఇంకేదీ నేయనంటున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టాక నిద్ర పట్టలేదు. మీ నాయన మగ్గం గుంట పూడ్చి, మరమగ్గాల పనికి భీవండి బండెక్కిన రోజు నాకు ఇంకా కళ్లముందే ఉంది. మన ఇంట్లో మళ్లీ ఒకరు మగ్గం మీద కూర్చుంటానంటే గుండె నిండింది. అంతకు రెండింతలు భయమైంది.

అమ్మకానికి పెట్టే ముక్కల ఫొటోలు పగటి వెలుగులో తియ్యి. కొలత, ధర, ఎన్ని రోజులు పట్టిందో ప్రతి ముక్కకూ రాసిపెట్టు. నీ సరుకుకు పెట్టే పేరుకు ట్రేడ్‌మార్క్ తీసుకో, ఆ నమోదులో జంపఖానాలు 27వ క్లాసు కింద వస్తాయి. వరంగల్ దర్రీలకు, అంటే మన జంపఖానాలకే, 2018లో జీఐ (ఊరి పేరుతో వచ్చే సరుకు) గుర్తింపు వచ్చింది కదా, దాన్ని వాడుకోవాలంటే నీ పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. ఇవన్నీ నాకన్నా నీకే బాగా తెలుసు.

నాకు తెలిసింది వేరే. పదో తరగతి సెలవుల్లో నా పక్కన కూర్చుని ఎరుపు పేక (అడ్డం నూలు), తెలుపు పేక కలిసే చోట ఒకదాంట్లో ఒకటి మెలివేశావు. వెలుగుకు పట్టి చూస్తే సందు లేదు, వేలితో రాస్తే గీత తగల్లేదు. నాకు అది రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ రోజు నీకు చెప్పలేదు కానీ, రాత్రి మీ పెద్దమ్మకు చూపించి మురిసిపోయాను.

ఒకప్పుడు ఆ జాయింటుకే నాకూ పేరుండేది. హైదరాబాద్ నుంచి ఒకామె ప్రతి సంక్రాంతికి వచ్చి ఆరు బై తొమ్మిది జంపఖానాలు నాలుగు తీసుకుపోయేది. బేరం ఆడేది కాదు. తెలిసినవాళ్లనూ పంపేది. 1994 ఎండాకాలంలో ఒక టెంట్ హౌస్ వ్యాపారి వచ్చి, శ్రావణం పెళ్లిళ్లకు రెండు వందల పట్టీ (చారల) జంపఖానాలు కావాలన్నాడు. అడ్వాన్సు నోట్లు మంచం మీద పెట్టాడు. మీ అక్క పెళ్లి దగ్గర పడింది, చేతిలో పైసా లేదు. ఒప్పుకున్నా. నా మగ్గం చాలక నలుగురికి పని పంచా. గడువు దగ్గర పడేసరికి నీళ్లకు వదలని వ్యాట్ రంగు మానేసి చవకలో దొరికే డైరెక్ట్ రంగు వేయించా. అది నూలు మీద మెరిసిపోతుంది, నీళ్లు తగిలితే వదిలేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే వేయించా.

శ్రావణంలో ఒక పెళ్లిలో వాన పడింది. బంతిలో కూర్చున్న పెద్దల తెల్ల పంచెలన్నీ ఎర్రగా అయ్యాయి. వ్యాపారి జంపఖానాలన్నీ ఆటోలో తెచ్చి మా గల్లీలో కుప్ప పోసి పోయాడు. ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది.

అప్పు తీరింది. ఇంకోటి తీరలేదు. ఆ సంక్రాంతికి ఆమె వచ్చింది. పట్టీల అప్పు తీర్చే పనుల్లో పడి ఆమె ముక్కలు చివర్లో హడావిడిగా నేశాను. జాయింటు మీద వేలు పెట్టి మెల్లగా రాసింది. ఒకచోట ఆగింది. ఏమీ అనలేదు. పూర్తి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పోయింది, మళ్లీ రాలేదు. తిట్టినా బాగుండేది బిడ్డా.

ఇప్పుడు నీ సంగతి. ఎవరో హోటల్ వాళ్లు ఎనభై కుషన్ కవర్లు అడిగితే "చూస్తాను" అన్నావట. ఎందుకన్నావు? ఇంకేదీ నేయనని చెప్పిన నోటితో ఆ మాట ఎట్లా వచ్చింది? మూడు బై ఐదు ముక్క నీ చేతికి వారం పడితే నెలకు నాలుగే ఒప్పుకో. ఐదోవాళ్లకు తర్వాతి నెల తేదీ చెప్పు. ఆగేవాళ్లు ఆగుతారు. ఇల్లు గడవదని టెన్షన్ పడకు. ఆరు నెలలు నా ఇంట్లో తిను, పై గది నీదే. తిండికోసం కుషన్ కవర్లు కుట్టే గతి నీకు నేను బతికుండగా రానియ్యను.

1851లో మన ఓరుగల్లు తివాచీలు లండన్ ఎగ్జిబిషన్ దాకా పోయాయి. నేసినవాళ్లెవరో ఈ వాడలో ఎవరికీ తెలియదు. అందుకే ప్రతి ముక్క మూలలో నీ పేరు మొదటి అక్షరం నేయి, చిన్నగానే అయినా సరే. అక్షరం వేసే ముందు జాయింటు పొడవునా కళ్లు మూసుకుని వేలు రాయి. ఎక్కడ తగిలితే అక్కడిదాకా విప్పు.

నీ ఫొటోల్లో ముదురు నీలం ఒకటి చూశాను. నా మనసు అక్కడే ఆగింది. ఏ రంగు అది? ఎవరు అద్దారు? చిన్న ముక్క కత్తిరించి తెల్ల నూలు గుడ్డతో కలిపి సబ్బు నీళ్లలో రాత్రంతా నానబెట్టు. గుడ్డకు ఏమాత్రం నీలం దిగినా ఆ లాటు మొత్తం పక్కన పెట్టు, ఎంత నష్టమైనా.

గుంట మగ్గం వద్దులే, నా మోకాళ్లు చూశావు కదా. ఫ్రేమ్ మగ్గం దుమ్ము దులిపి నూనె పెట్టించాను. ఆదివారం పొద్దున కాజీపేటలో దిగు, నేనే బండి వేసుకుని వస్తా. ఆ నీలం ముక్క మరిచిపోకు. తెల్లగుడ్డ ఇంట్లో ఉంది.

మీ పెద్దనాయన