ఎయిర్ బ్రేక్స్ రాత పరీక్ష: పీఎస్ఐ నంబర్లు కలిసిపోతున్నాయా?

తమ్ముడూ, అమెరికాలో సీడీఎల్ (లారీలు, బస్సుల్లాంటి పెద్ద బండ్ల లైసెన్స్) ఎయిర్ బ్రేక్స్ పరీక్ష రెండుసార్లు పోయిందని, పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నంబర్లన్నీ కలగాపులగం అవుతున్నాయని రాశావు కదా, వాటిని బట్టీ పట్టకు, గాలి తగ్గేకొద్దీ బండిలో ఏం జరుగుతుందో వరసగా ఊహించుకో. సుమారు 125 దగ్గర గవర్నర్ (ఒత్తిడిని అదుపు చేసే పరికరం) ట్యాంకుల్లో గాలి నింపే కంప్రెసర్‌ని ఆపుతుంది, 100కి దిగితే మళ్లీ నింపిస్తుంది. ఇప్పుడు ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి, పెడల్ తొక్కుతూ వదులుతూ ఉంటే గేజ్ ముల్లు జారుతుంది, 60 కన్నా తగ్గకముందే వార్నింగ్ రావాలి (మీ రాష్ట్రం మాన్యువల్‌లో 55 అని ఉంటే అదే పెట్టు). ఇంకా తొక్కితే 20-45 మధ్య పార్కింగ్ నాబ్ టప్పుమని బయటికొచ్చి స్ప్రింగ్ బ్రేకులు (గాలి తగ్గితే స్ప్రింగ్ బలంతో పడేవి) పట్టేస్తాయి.

లీకేజీ ప్రశ్న జాగ్రత్త. పెడల్ తొక్కకపోతే ఒత్తిడి తగ్గడం నిమిషానికి సింగిల్ బండికి 2 పీఎస్ఐ, ట్రైలర్ ఉంటే 3 మించకూడదు. తొక్కి పట్టుకుంటే సింగిల్‌కి 3, ట్రైలర్ ఉంటే 4. ఈ ఎయిర్ బ్రేక్స్ రాత పరీక్ష మాత్రం వదిలేయకు, పాసవకపోతే లైసెన్స్ మీద ఎల్ రిస్ట్రిక్షన్ పడుతుంది, ఎయిర్ బ్రేక్ బండ్లు నడపనివ్వరు.