పిల్లలతో రేడియో, టీవీ కార్యక్రమాలు చేయించే పనిలోకి రావాలంటే

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను, సైకాలజీ ఒక సబ్జెక్టు. పిల్లల హక్కుల గురించి పిల్లల చేతే రేడియో, టీవీ కార్యక్రమాలు చేయించాలని ఉంది. ఇంట్లో వాళ్లేమో అదేం ఉద్యోగం అంటున్నారు. జర్నలిజంలో పీజీ చేయాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇది ఉద్యోగమే, ఆ టెన్షన్ ముందు వదిలేయండి. ప్రభుత్వ ప్రసార సంస్థల్లో పిల్లల విభాగాలు, కమ్యూనిటీ రేడియోలు, యునిసెఫ్ లాంటి సంస్థలు, పిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, అన్నిచోట్లా ఈ పని చేసేవాళ్లు కావాలి. కాకపోతే ఎక్కువగా ప్రాజెక్టు పద్ధతిలో దొరుకుతుంది, ఒకటి అయిపోయి ఇంకోటి వచ్చేదాకా ఖాళీ ఉండొచ్చు. ఈ మాట ఇంట్లో దాచకుండా చెప్పండి. అందుకే ఆడియో, వీడియో ఎడిటింగ్ బాగా నేర్చుకోమంటాను, మధ్యలో వేరే పనులతో నెట్టుకురావడానికి అదే ఆధారం.

జర్నలిజం పీజీ తప్పనిసరి అని నేననుకోను. పిల్లల ఎదుగుదల గురించి లోతుగా చెప్పే కోర్సు ఏదైనా చేసి, దానికి తోడు ప్రొడక్షన్‌లో చిన్న కోర్సు చేస్తే మీకు ఎక్కువ ఉపయోగం.

అసలు సంగతి ఇక్కడుంది. పిల్లల హక్కుల కార్యక్రమం అనగానే చాలాచోట్ల పెద్దలు స్క్రిప్ట్ రాసిస్తారు, పదేళ్ల పిల్ల వచ్చి "బాలల సమగ్ర వికాసానికి అందరం కృషి చేద్దాం" అని గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పి వెళ్తుంది. వినడానికి ముచ్చటగా ఉంటుంది, అంతే. పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరిస్తూ రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు రాసినదాన్ని 1992లో యునిసెఫ్ ప్రచురించింది. పిల్లల్ని మన మాట చెప్పడానికి వాడుకోవడం, అలంకారానికి కూర్చోబెట్టడం, పేరుకు మాత్రం పిలవడం, ఈ కింది మూడు మెట్లనీ ఆయన భాగస్వామ్యం కింద లెక్కే వేయలేదు. మీరు ఏ సంస్థలో చేరబోయినా మొదట అడగాల్సింది, టాపిక్ ఎవరు ఎంచుకుంటారు అని.

ఎందుకంటే పిల్లల్నే ఎంచుకోనిస్తే మనం ఊహించనివి వస్తాయి. పెద్దలు బాలకార్మికుల మీద ఎపిసోడ్ చేద్దామని కూర్చుంటే, స్కూల్ టాయిలెట్ తలుపుకి గడియ లేదని, మార్కులు అందరి ముందూ చదువుతారని, డైరీ తీసి అమ్మ చదివేస్తుందని పిల్లలు చెప్తారు. చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ ఇవన్నీ వ్యక్తిగత గోప్యతకు సంబంధించినవే. 1989 నవంబర్ 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణ దాని గురించే. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు 12లో, భావప్రకటన 13లో ఉంటాయి. ఆ ఒడంబడిక ఒకసారి పూర్తిగా చదవండి, మొత్తం 54 అధికరణలే. ఇక గడియ మీద ఎపిసోడ్ అనుకుందాం. "ఎప్పుడు పెట్టిస్తారు?" అని ఓ పిల్లాడు హెడ్మాస్టర్‌ని అడుగుతాడు, ఆయన కాసేపు ఏమీ మాట్లాడడు, తర్వాత బడ్జెట్ గురించి చెప్తాడు. ఎడిటింగ్‌లో పెద్దవాళ్ల చేయి వెంటనే ఆ మౌనాన్ని కత్తిరించడానికే వెళ్తుంది. పిల్లలు ఉంచమంటే ఉంచాలి, కార్యక్రమం వాళ్లది.

అడగడం కూడా నేర్చుకోవాలి. "స్కూల్ అంటే ఇష్టమేనా?" అంటే "ఇష్టమే" అని వస్తుంది, అక్కడితో సరి. "నిన్న బడి వదిలినప్పటినుంచి పడుకునేదాకా ఏమేం చేశావో చెప్పు" అని అడిగి చూడండి, మాట దానంతటదే సాగుతుంది.

టీవీ కన్నా రేడియోతో మొదలుపెట్టండి. ఖర్చు తక్కువ, ఫోన్ చాలు, పైగా కెమెరా లేకపోతే పిల్లలు తొందరగా కుదురుకుంటారు, ముఖం బయటపడదు. ముఖం దాచినంత మాత్రాన పని అయిపోయిందని టీవీలో చాలామంది అనుకుంటారు గానీ, చొక్కా మీద స్కూల్ బ్యాడ్జీ, వెనక గోడ మీద బోర్డు, గొంతు, ఇందులో ఏ ఒక్కటి చాలు తెలిసినవాళ్లు గుర్తుపట్టడానికి. హింసకు గురైన బిడ్డ చేత జరిగింది మళ్లీ చెప్పించే కార్యక్రమం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా ఒప్పుకోకండి. తల్లిదండ్రుల సంతకం ఉన్నా పిల్ల వద్దంటే వద్దు, రికార్డింగ్ అయ్యాక వద్దన్నా తీసేయాల్సిందే, ఎందుకంటే పదమూడేళ్లప్పుడు అన్న మాట పెద్దయ్యాక కూడా నెట్‌లో దొరుకుతుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో ఇచ్చిన 12వ సాధారణ వ్యాఖ్యలో (ఒడంబడికను ఎలా అర్థం చేసుకోవాలో కమిటీ ఇచ్చే వివరణ ఇది) పిల్లలు స్వచ్ఛందంగా రావాలని, ప్రమాదం లేకుండా చూడాలని, వాళ్ల మాటకు ఫలితం ఏమైందో వాళ్లకు తిరిగి చెప్పాలని ఉంది. ఈ చివరిదే అందరూ మర్చిపోతారు.

యునిసెఫ్ మొదలుపెట్టిన అంతర్జాతీయ బాలల ప్రసార దినం లాంటి సందర్భాల్లో కొన్ని స్టేషన్లు పిల్లల్ని స్టూడియోకి పిలుస్తుంటాయి. అక్కడ వాలంటీర్‌గా చేరడం మీకు మంచి దారి. ఆ ఒక్కరోజు తర్వాత ఆ పిల్లల్ని మళ్లీ పిలుస్తారో లేదో మాత్రం కనుక్కోండి.

ఈ సంవత్సరం పూర్తయ్యేలోపు ఒక స్కూల్ అనుమతి తీసుకుని, మీతోపాటు ఇంకో పెద్దవాళ్లని ఉంచుకుని, నలుగురైదుగురు పిల్లలతో మూడు నిమిషాల ఆడియో చేయండి. ప్రసారానికి ముందు వాళ్లకు వినిపించండి. ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు అది పంపి, దాంతోపాటు ఒక పేజీ నోట్ జతచేయండి: టాపిక్ ఎలా తేలింది, అనుమతులు ఎలా తీసుకున్నారు, విన్నాక పిల్లలు ఏం మార్చమన్నారు. అందులో మీ గొంతు ఎంత తక్కువ వినిపిస్తే అంత మంచిది.